పడవ ఆయనది, వాకిలి నాది

పది గంటలకి బోరు లారీ వస్తుంది.
అప్పటికి పడవ
ముందు వాకిట్లోంచి వెనక పెరట్లోకి పోవాలి.
మధ్యలో సందు.
ఇటు ప్రహరీ, అటు వంటింటి గోడ.
నిన్న రాత్రే టేపు పెట్టి కొలిచాను:
సందు ఐదడుగుల రెండంగుళాలు,
చక్రాల అంచు నుంచి అంచుకి ఐదడుగులు.
ముప్ఫై రెండేళ్ళ కాపురం
ఇవాళ ఆ రెండంగుళాల్లో నడవాలి.

షిప్‌యార్డులో ఊరివాళ్ళ ఓడల పొట్టకింద
నిప్పురవ్వల మధ్య గడిపిన మనిషి
రిటైరయ్యాక తనకంటూ ఒకటి ఉండాలన్నాడు.
భీమిలిలో ఎవరో వదిలించుకుంటుంటే
పన్నెండడుగుల ఫైబరు పడవ కొన్నాడు.
ట్రైలరు మాత్రం సొంత చేత్తో చేసిందే.
పాత ఓమ్నీ వ్యాను చక్రాలు,
ఇనప గొట్టాలు.
ఎక్కడివని అడగొద్దు,
మా మేడమెట్లకి ఇప్పటికీ రెయిలింగు లేదు.

రెండేళ్ళలో నాలుగుసార్లు సముద్రం చూసింది పడవ.
మిగతా రోజులన్నీ
నా మందారానికి ఎండ తగలకుండా నిలబడింది.

ఆరింటికి చక్రాల కింద ఇటుకలు తీశాం.
ఆయన ముందు కొక్కెం దగ్గర,
నేను వెనక సందులో తాడు పట్టుకుని.
కదల్లేదు.
చినవాల్తేరులో ఏ వాకిలీ చదునుగా ఉండదు,
నిమ్మకాయ వదిలితే గేటు దాకా దొర్లిపోతుంది.
మేం ఆ నిమ్మకాయకి ఎదురు నడవాలి.

"ఎడమకి!"
"నీ ఎడమా, నా ఎడమా?"
"పడవ ఎడమ!"
పడవకో ఎడమ ఉంటుందని నాకెవరు చెప్పారు?
పైగా వెనక్కి పోయేటప్పుడు
కొక్కెం కుడికి తిప్పితే తోక ఎడమకి పోతుందట.
అలాంటి మనిషితోనే ఇన్నాళ్ళూ వేగాను కనక
ఆ కిటుకు మాత్రం వెంటనే పట్టుబడింది.

భుజాన వలతో జాలరిపేట ఎల్లాజీ
గేటు దగ్గర ఆగి నవ్వాడు.
"ఏటి బావూ, ఇసకలో అయితే దుంగలేసి దొర్లించీసీవోళ్లం.
సిమెంటు మీద పడవ నడిపినోడ్ని నిన్నే సూసినాను."
వల దించి తనూ ఓ చెయ్యి వేశాడు.
కదల్లేదు.
నవ్వడం మానేశాడు.

ఎనిమిదింటికి మేడ మీద జెస్సీమేరీ
కేజీహెచ్‌లో నైటు డ్యూటీ దిగి వచ్చింది.
ఆర్థో వార్డు.
మెట్టు ఎక్కబోయి ఆగి
ముగ్గుర్నీ చూసింది,
పేషెంటు తాలూకు బంధువుల్ని చూసినట్టు.
"మనిషిని మంచం మార్చేముందు
మేం మొట్టమొదట ఏం చూస్తామో తెలుసా ఆంటీ?
యూరిన్ సంచీ నిండిందా అని."
జారిన టార్పాలిన్ మూల పట్టి ఎత్తింది.

మొన్నటి వాయుగుండం వాన,
మోకాలి లోతున,
చప్పుడు లేకుండా.
దాని మీద ఒక మందారం తేలుతూ.

రెండు గంటలుగా మేం లాగింది పడవని కాదు.

ఆయన ఏమీ అనలేదు.
కొక్కెం కింద కారు జాకీ పెట్టి లేపి
వెనక్కొచ్చి బిరడా పీకాడు.
నీళ్ళు ట్రైలరు కిందుగా పాకి
నా చెప్పుల్ని తోసుకుంటూ గేటు దాటి
వీధి వాలున పడి పోయాయి.
సముద్రం ఎటో
మా వీధి కాలవలకి ఒకరు చెప్పక్కర్లేదు.

తర్వాత జెస్సీ అంకెలు చెప్పింది.
"ఎత్తొద్దు, జరపండి. ఒకటి, రెండు..."
మూడు అనకముందే పడవ కదిలింది,
అంత తేలిగ్గా వస్తుందనుకోని నేను
వెనక్కి తూలి వంటింటి గోడకి ఆనుకున్నాను.
మలుపులో ఒక్కసారి గీసుకుంది.
ప్రహరీ మీద జానెడు నీలం గీత.
దాని మీద సున్నం వేయించొద్దని
చెప్పింది నేనే.

తొమ్మిదిన్నరకి ఫోను.
గాజువాక దగ్గర లారీ ఆగిపోయిందట,
సోమవారం దాకా రాదు.
నీళ్ళ కోసం మనిషిని పిలిచి
పొద్దున్నే అన్ని నీళ్ళు వీధిలో పోసుకున్నాం.

ఎల్లాజీ టీ తాగి వెళ్ళాడు.
మేడ మీద జెస్సీ నిద్రపోతోంది,
కుక్కర్ పెట్టకుండా ఆగాను.
మందారం మొదటిసారి ఎండ చూసి
ఏం చెయ్యాలో తెలీనట్టు ఉంది.

బిరడా పోపులడబ్బాలో ఉంది, ఆవాల పక్కన.
అడిగితే ఇస్తాను.